సమ్మిట్ పాతదా, టర్బోదా? కొండెక్కితేనే తెలిసే తేడా

స్కీ-డూ సమ్మిట్ అంటే కొండల మంచు మీద నడిపే స్నోమొబైల్. అందులో పాత 2013 ఎక్స్‌ఎమ్ 800కీ, 2020 850 ఈ-టెక్ టర్బోకీ తేడా చదును నేల మీద పెద్దగా తెలియదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో మాత్రం 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలుపుతుంది. నిటారు వాలు మీద ఈ ఒక్కటీ చాలు, డబ్బు ఎక్కడికి పోయిందో తెలియడానికి.

ట్రాక్ (కింద తిరిగే రబ్బరు పట్టా) మీది పొడవాటి లగ్గులు, అంటే మంచును తవ్వే పళ్లు, మెత్తటి మంచులో అద్భుతం. గట్టి దారిలో మాత్రం, పాతదైనా కొత్తదైనా, మంచు తగిలితేనే చల్లబడే కూలర్లకు మంచు చిమ్మక ఇంజిన్ వేడెక్కుతుంది, ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు (స్లైడర్లు) అరుగుతాయి. గట్టి మంచును గీకి పైకి చిమ్మే స్క్రాచర్లు దించండి. ఇంజిన్ వేడెక్కిందని హెచ్చరించే లైటు వెలిగితే దారి అంచున పొడి మంచులోకి దిగండి.

బటన్ నొక్కి ఇంజిన్ స్టార్ట్ చేసే షాట్ స్టార్టర్ ఉంటే నడుము బతికినట్టే. కానీ రోజు మొదటి స్టార్ట్‌కు తాడు లాగాల్సిందే.