పర్లాకిమిడి నుంచి థెరపీ: ఫోన్లో మేలా, బస్సెక్కి వెళ్లడం మేలా?

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మన తెలుగిళ్లలో ఈమధ్య ఈ ప్రశ్న బాగా వినబడుతోంది. థెరపీ అంటే మాటలతో మనసుకి చేసే వైద్యం. ఒకరికి రాత్రంతా నిద్ర పట్టదు. ఇంకొకరింట్లో ఉద్యోగం పోయి బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు గది తలుపు తియ్యడు. ఎవరికి చూపించాలి? బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో వెళ్లి మనిషి ఎదురుగా కూర్చోవచ్చు. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న తెలుగు థెరపిస్టుతో వీడియోలో మాట్లాడొచ్చు. లేదంటే మనసు బాధలకి సర్కారు పెట్టిన 14416 నెంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. చాలామందికి నేను వీడియోనే చెబుతాను. అందరికీ మాత్రం కాదు.

ముందు భాష సంగతి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సైకియాట్రీ, అంటే మానసిక వైద్యం, విభాగం ఉంది, సర్కారీ ఆస్పత్రి కాబట్టి ఖర్చూ తక్కువే. జ్వరం, కాలునొప్పి అయితే మనకొచ్చిన బజారు ఒడియా సరిపోతుంది. "ఆరోజు మా అత్త అన్నమాట ఇంకా గుండెల్లో గుచ్చుకుంటోంది" అన్నది ఒడియాలో చెప్పబోతే సగం చప్పబడిపోతుంది. మందు రాయడానికి ఆ సగం చాలు, థెరపీకి చాలదు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరు మనది, ఆ మాత్రం పట్టింపు ఉండాలి.

ఇక ఆన్‌లైన్‌లో వెతికితే చాలామంది పేరు పక్కన "ఇంటిగ్రేటివ్" అని కనిపిస్తుంది. అంటే ఒకే పద్ధతికి కట్టుబడి ఉండరన్నమాట. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) మన ఆలోచనల తీరును పట్టుకుంటుంది. అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ దారి తీర్పు చెప్పకుండా వినడం మీద నడుస్తుంది. సైకోడైనమిక్ పద్ధతి చిన్నప్పటి ముడులు విప్పుతుంది. ఎదుటి మనిషిని బట్టి వీటిని కలిపి వాడేవాళ్లే ఇంటిగ్రేటివ్ థెరపిస్టులు. ఉదాహరణకి, పరీక్ష అనగానే చేతులు వణికే కుర్రాడికి మొదట ఊపిరి నిదానం చేసుకోవడం, భయాలు కాగితం మీద రాసుకోవడం నేర్పుతారు. వణుకు తగ్గాక అసలు భయం పరీక్ష కాదనీ నాన్న అనీ బయటపడితే, అప్పుడు కథ ఇంకో దారిలో నడపాలి. ఇంట్లో నాలుగు సమస్యలు ఒకదాన్నొకటి పెనవేసుకున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. అదే ఒక్కటే స్పష్టమైన ఇబ్బంది అయితే, చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీ లాంటిది అయితే, దానికే శిక్షణ పొందిన సీబీటీ మనిషే మేలు.

"అన్నీ కలుపుతాను" అనేవాళ్లలో ఏదీ సరిగ్గా రానివాళ్లూ ఉంటారు. మొదటిరోజే అడగండి: నాకు ముందు ఏది మొదలుపెడతారు, ఎందుకు? పని తెలిసినవాళ్లు మీకర్థమయ్యే తెలుగులో చెప్తారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థలో నమోదై ఉండాలి, నెంబరు అడగడంలో తప్పులేదు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. మందులు వీళ్లెవరూ రాయకూడదు, అది సైకియాట్రిస్టు పని.

ప్రయాణం లెక్క చూస్తే వీడియోదే పైచేయి. మాట్లాడేది యాభై నిమిషాలు, పోయేది రోజంతా, ఆ రోజు కూలో సెలవో కూడా దాంతోనే పోతుంది. అందుకే బస్సెక్కి మొదలుపెట్టినవాళ్లు మూడోవారానికో నాలుగోవారానికో మానేస్తుంటారు. థెరపీలో సగం బలం వారం తప్పకుండా వెళ్లడంలోనే ఉంది.

మరి ఇంట్లో చాటు ఎక్కడిది? మన పాత వీధుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకునే ఉంటాయి. నాకు తెలిసిన ఒకావిడ అత్తగారు గుడికెళ్లే వేళ చూసుకుని సెషన్ పెట్టుకునేది. పెరట్లో మోటారు వేసి, ఆ చప్పుడు చాటున చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడేది. మీవారి గురించి చెప్పండి అని థెరపిస్టు అడిగేసరికి వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు. జవాబు టైపు చేసి పంపింది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు విశాఖ వెళ్లడమే నయం. శ్రీకాకుళం బస్సులో అయితే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు "ఎందాకా?" అని అడక్క మానరు.

వీడియోలో పోయేవి ఇంకా ఉన్నాయి. కాలు ఊపడం, వేళ్లు నలుపుకోవడం కెమెరాకి అందవు. ఏడుపొచ్చి మాట ఆగితే నెట్ పోయిందేమో అనుకుంటారు. నెట్ నిజంగానే పోతే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే అనుకుని ఉండాలి.

చచ్చిపోవాలనిపిస్తున్నా, లేని గొంతులు వినిపిస్తున్నా, తాగుడు మానేసిన మనిషికి ఒళ్లు వణికి మాట తడబడుతున్నా వీడియో మాట మరిచిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లండి. హైదరాబాదులో కూర్చున్నావిడ మీ గుమ్మంలోకి రాలేదు. అందుకే బాధ్యత గల థెరపిస్టు మొదటిరోజే మీ చిరునామా, ఇంట్లో ఒకరి నెంబరు తీసుకుంటారు. తీసుకోలేదంటే ఇంకొకరిని చూసుకోండి.

14416 అంటే టెలి మానస్, కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అర్ధరాత్రి గుండె దడ పుట్టినప్పుడు, ఎవరికి చూపించాలో తోచనప్పుడు దీన్ని మించింది లేదు. వారం వారం ఒకే మనిషితో సాగే థెరపీ మాత్రం వేరే.

ఇక డబ్బు. పది సెషన్లు ఒకేసారి కొంటే తగ్గింపు అని యాప్‌లు ఊరిస్తుంటాయి. ఒక్కటి కొనండి. ఆ మనిషితో మాట కలిస్తే రెండోది, మూడోది కొనుక్కోవచ్చు.