మూడు నెలల ఇవాబ్రాడిన్: ఒక టైలర్ అనుభవం

నేను వాడుతున్నది ఇవాబ్రాడిన్ 5 మిల్లీగ్రాముల బిళ్ల, గుండె నొప్పి (యాంజైనా) రాకుండా వేసుకునే మందు. పొద్దున టిఫిన్‌తో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క స్టార్ గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను. ఈ మందు చీటీ చేతిలో పట్టుకుని వేసుకోవాలా వద్దా అని కూర్చున్నవాళ్లకి కావాల్సింది అదే.

నాకు 57 ఏళ్లు. వైజాగ్ అక్కయ్యపాలెంలో ఎనభై అడుగుల రోడ్డు దగ్గర కింద షాపు, రెండో అంతస్తులో ఇల్లు. జాకెట్లు, ఫాల్, జిగ్‌జాగ్, పెళ్లిళ్ల సీజన్లో జరీ పని. మొన్న వేసవిలో గుడ్డల మూట పట్టుకుని మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు మలుపులో గుండెల మీద ఇస్త్రీ పెట్టె పెట్టినట్టు బరువు. ఎడమ దవడ దాకా లాగేది. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. గ్యాస్ అనుకుని నెల్లాళ్లు గోళీ సోడా తాగాను, నవ్వకండి. చివరికి యాంజియోగ్రామ్ దాకా వెళ్లింది. ఒక రక్తనాళంలో అడ్డు ఉంది, స్టెంట్ అక్కర్లేదు, మందులతోనే చూద్దాం అన్నారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్.

అసలు చిక్కు రోజూ నొప్పి రాకుండా చూసే మందు దగ్గర వచ్చింది. మామూలుగా ముందు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ అనే రకం మందు రాస్తారట. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. బ్యాగులో ఇన్‌హేలర్ లేకుండా వీధి చివరికి కూడా వెళ్లను. కాబట్టి అది వద్దన్నారు. రక్తనాళాలు వదులు చేసే ఆమ్లోడిపిన్ ఇచ్చారు. మూడో వారానికి సాయంత్రమయ్యేసరికి పాదాలు పూరీల్లా పొంగేవి. చెప్పు పట్టీ బెజ్జం దాకా పోయేది కాదు. మెషిన్ పెడల్ మీద కాలు పెడితే నా కాలు కానట్టు ఉండేది. అదీ ఆపేశారు.

అప్పుడు డాక్టరు గారు రెండు పేర్లు చెప్పారు: రానోలజైన్, ఇవాబ్రాడిన్. మొదటిదానితో తల తిరగడం, తలనొప్పి, మలబద్ధకం, వికారం రావచ్చు. రెండోదానితో కళ్ల ముందు వెలుగులు కనిపించవచ్చు, పల్స్ మరీ తగ్గిపోవచ్చు. "మీ రోజు ఎలా గడుస్తుందో నాకంటే మీకే తెలుసమ్మా, ఆలోచించి చెప్పండి" అన్నారు. పూర్ణా మార్కెట్లో లైనింగ్ గుడ్డ బేరమాడే మనిషినే గానీ మందుల బేరం నాకెక్కడ తెలుసు!

మా తోటికోడలు రానోలజైన్ వాడుతోంది. ఫోన్ చేసి అడిగాను. "నొప్పి పోయింది గానీ అక్కా, పొద్దున్నే బాత్రూమ్‌లో గంట. రాత్రి ఇసబ్‌గోల్ లేకపోతే అంతే" అంది. అయినా తను మానదు. తన పని బడిలో పిల్లలకి పాఠాలు చెప్పడం, నిలబడే పని. నాది పొద్దస్తమానం కూర్చునే పని, పైగా పైల్స్ ఆపరేషన్ అయిన ఒళ్లు. నాకు ఆ మాట వినగానే భయమేసింది. మరి కళ్లు? కళ్లు లేని టైలర్ ఎవరికి కావాలి?

వందలో ఎంతమందికి వస్తాయి ఆ వెలుగులు అని అడిగాను. 14, 15 మందికి కనిపిస్తాయట. ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే మొదలవుతాయి. చాలామందికి మందు వాడుతుండగానే పోతాయి, మిగతావాళ్లకి మందు ఆపేశాక పోతాయి. వాటి వల్ల మందు మానేసినవాళ్లో, రోజువారీ పనులు మార్చుకున్నవాళ్లో వందకి ఒక్కరు కూడా లేరట. బాగానే ఉంది. ఆ వందమందిలో సూదిలో దారం ఎక్కించి బతికేవాళ్లు ఎంతమందో ఎవరైనా లెక్కపెట్టారా అని మాత్రం మనసులో పీకుతూనే ఉంది.

గుండె మందుకి కళ్లతో పనేంటని మా అబ్బాయిని అడిగితే చదివి చెప్పాడు. గుండె పైభాగంలో లయ కొట్టే కణాలున్నాయట. వాటిలో నడిచే ఒక చిన్న విద్యుత్ ప్రవాహానికి 1979లో కనిపెట్టినవాళ్లు 'ఫన్నీ కరెంట్' అని పేరు పెట్టారట, దాని నడత వింతగా ఉందని. ఈ బిళ్ల దాన్ని కాస్త నొక్కిపెడుతుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, దానికి కావాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది, నొప్పి రాదు. కంటి రెటీనాలో కూడా దాదాపు అలాంటి ప్రవాహమే ఉండటంతో అక్కడా కొంచెం తగులుతుంది. ఒకే స్విచ్‌కి రెండు బల్బులు అన్నమాట. ఇది తెలిశాక సగం టెన్షన్ పోయింది. కన్ను పాడవడం కాదు, వైరింగ్ అలా ఉంది, అంతే.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఐదింటికి వంటింట్లో ట్యూబ్‌లైట్ వేశాను. ఠక్కున దాని చుట్టూ ఇంకో రెండు ట్యూబ్‌లైట్లు, అంచులకి సబ్బు బుడగ రంగులు. తల తిప్పితే అవీ నాతోపాటే తిరిగాయి. పది సెకన్లుంటుందేమో, కరిగిపోయాయి. ముందే చెప్పకపోయి ఉంటే పక్షవాతం అనుకుని ఇల్లంతా లేపేదాన్ని.

ఆ వారమే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయక గుడికి వెళ్లాం. హారతి నా ముందుకి వచ్చేసరికి కర్పూరం మంట చుట్టూ మూడు వరసల్లో ఉంగరాలు. ఒక్క క్షణం నిజంగా స్వామి కరుణించాడనే అనుకున్నాను. పక్కనున్న మా ఆయన చెవిలో చెబితే "కరుణించింది స్వామి కాదు, నీ మాత్ర" అన్నారు.

షాపులో ఇంత సరదాగా లేదు. మెషిన్ దీపం కింద నుంచి చూపు ఎత్తి ఎండలో ఉన్న వీధి వైపు చూసి, మళ్లీ సూది వైపు చూస్తే సూది చుట్టూ తెల్లటి పొగ. దారం బెజ్జంలోకి కాకుండా పక్కకి పోయేది. బంగారు జరీ అయితే మరీ కష్టం, మెరుపుకి మెరుపు తోడు. ఒక కస్టమర్ జాకెట్టు చేతి అంచున కుట్టు పావు అంగుళం పక్కకి పోతే ఊడదీసి మళ్లీ కుట్టాను. ఆ రోజు మందు మానేద్దామనే అనుకున్నాను.

మానలేదు, పని అమరిక మార్చాను. మెషిన్‌ని గుమ్మానికి ఎదురుగా ఉన్న చోటు నుంచి పక్క గోడకి జరిపాను. జరీ పని పగటి వెలుతురులోనే. తెల్లవారుజామున లైటు వేసే ముందు కళ్లు మూసుకుని, వేశాక మెల్లిగా తెరుస్తాను. రాత్రిపూట స్కూటీ పూర్తిగా మానేశాను. ఒకసారి తెలుగుతల్లి ఫ్లైఓవర్ మీద ఎదురొచ్చిన కారు లైట్లు రెండూ ఆరై కనిపించాయి, అంతటితో చాలు. రాత్రి బండి నడిపేవాళ్లు ఈ ఒక్క విషయం తేలిగ్గా తీసుకోకండి.

ఈలోపు అమెరికా నుంచి మా అక్క కొడుకు ఫోన్. "పిన్నీ, ఇక్కడ దాన్ని యాంజైనాకి ఇవ్వరు తెలుసా, 2015లో హార్ట్ ఫెయిల్యూర్‌కే ఒప్పుకున్నారు" అన్నాడు, అంటే గుండె బలహీనపడే జబ్బుకి. వాడు డాక్టరు కాదు, సాఫ్ట్‌వేర్. అయినా రాత్రి నిద్ర లేదు. మర్నాడే డాక్టరు గారిని అడిగాను. ఆయన విసుక్కోలేదు. యూరప్‌లో 2005 నుంచి యాంజైనాకి వాడుతున్నారట. 19 వేల మంది పైగా గుండె రోగుల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాక అక్కడ నియమాలు బిగించారట: ఊరికే కూర్చున్నప్పుడు పల్స్ 70కి తక్కువుంటే మొదలుపెట్టకూడదు, వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే గుండె మందులతో కలపకూడదు. నా పల్స్ అప్పుడు 84. తర్వాత ఆయన చెప్పిన మాట నాకు బాగా నాటుకుంది. ఈ బిళ్ల నొప్పి తగ్గించడానికే, గుండెపోటు ముప్పు తగ్గించేది కాదు. ఆ పని ఆస్పిరిన్‌ది, స్టాటిన్‌ది. అవి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సొంతంగా మానకూడదు.

నా తూకం అక్కడే మారింది. ప్రాణం కోసం వేసుకునే మందైతే ఎంత ఇబ్బందైనా పళ్ల బిగువున ఓర్చుకోవాలి. ఇది సుఖం కోసం వేసుకునేది. మెట్లెక్కే సుఖం ఒక పళ్లెంలో, సూది చుట్టూ పొగ ఇంకో పళ్లెంలో. మధ్యలో గుండెపోటు భయాన్ని తెచ్చి వేయనక్కర్లేదు. అలా చూస్తే లెక్క చేయడం తేలికైంది.

మెట్ల పళ్లెంలో ఏముందంటే, మందుకి ముందు వారానికి నాలుగైదు సార్బిట్రేట్‌లు అయ్యేవి. అది పెట్టుకున్నప్పుడల్లా కుర్చీలో కూలబడాలి, తలలో రోకలి పోటు. మొన్న శ్రావణ మాసమంతా కలిపి రెండు. వరలక్ష్మీ వ్రతం ముందు వారం అరవై జాకెట్లు ఇచ్చాను. మూట పట్టుకుని రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాను. పై మెట్టు మీద నిలబడి దవడ తడుముకున్నాను, ఏమీ లేదు. బీచ్ రోడ్డు నుంచి పాండురంగాపురం ఎత్తు మాత్రం ఒకసారి ఆగి ఎక్కుతున్నాను, అది ఎవరైనా ఆగే ఎత్తే.

పల్స్ చూసుకోవడానికి కోవిడ్ నాటి ఆక్సీమీటర్ పనికొచ్చింది. 84 నుంచి నెలకి 66కి దిగింది, తర్వాత 60కి అటూ ఇటూ. ఇక్కడే ఒక గొడవ జరిగింది. మా వీధి చివర మందుల షాపులో 5 అడిగితే 7.5 ఇచ్చారు. డబ్బా లేదు, కాగితం లేదు, ఉత్త స్ట్రిప్. నేనూ చూసుకోలేదు. మూడో రోజు కిందపడ్డ బాబిన్ తీసి లేచేసరికి గోడ నా వైపు ఒరిగింది. ఆక్సీమీటర్‌లో 49. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆపి వెంటనే రమ్మన్నారు. ఈసీజీ తీశారు, 50 కంటే కిందికి పోకూడదన్నారు. రెండు రోజుల తర్వాత మళ్లీ 5 మొదలుపెట్టించారు. షాపులో అడిగితే "కంపెనీ ఒకటే మేడం, పవర్ కొంచెం ఎక్కువ, అంతే" అన్నాడా అబ్బాయి. నేను 36 సైజు అడిగినావిడకి 40 కుట్టి, గుడ్డ ఒకటే అంటే ఊరుకుంటారా? అప్పట్నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో బిల్లు మీద పవర్ రాసిచ్చే షాపుకి వెళ్లి తెచ్చుకుంటున్నాను. ఆటో ఖర్చు పోతే పోయింది.

ఇంకో రెండు ముక్కలు. దగ్గు, జలుబని వెళ్లినప్పుడు ఈ మందు పేరు ముందే చెప్పండి. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు దీనితో పడవు, మందు ఒంట్లో పేరుకుపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా వద్దట. అది మనకెక్కడ దొరుకుతుందిలే అనుకుంటుంటే దాని బంధువే పంపరపనస అని, అదీ మానేయమని డాక్టరు గారే అన్నారు. విజయనగరం నుంచి మా తమ్ముడు బస్తాలో వేసి తెచ్చే పంపరపనసలు ఈసారి పక్కింటికి వెళ్లాయి. గుండె దడ లయ తప్పినట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించుకోవాలి.

వెలుగులు ఇప్పుడు బాగా తగ్గాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కసారి మెరుస్తాయి, అంతే. పోయిన వారం వెళ్తే డాక్టరు గారు "పల్స్ 62 ఉంది, 7.5కి పెంచే వీలు లేకపోలేదు, పెంచమంటారా?" అని అడిగారు. మెట్లెక్కుతున్నాను కదండీ, చాలన్నాను. సరే అని మళ్లీ 5 రాశారు. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించుకుని వచ్చాను, మందుల షాపు అబ్బాయికి కూడా ఒక వెలుగు ఉంగరం కనిపించాలని.