గెకో టెర్రేరియంలో నిజం మొక్కలు, మట్టి: కొన్నేళ్లు వాడాక

క్రెస్టెడ్ గెకో (ఒక రకం పెంపుడు బల్లి) ఉండే గాజు పెట్టె, అంటే టెర్రేరియంలోంచి ప్లాస్టిక్ ఆకులు తీసేసి, నిజం మొక్కలు పెట్టి కొన్నేళ్లయింది. ఏ మొక్క సేఫ్ అని ఎవరైనా అడిగితే నేను ముందు మట్టి గురించే చెబుతాను. సేఫ్ జాబితాలో పేరున్న మొక్క కూడా ఏ మట్టిలో పెరిగింది, దాని మీద ఏ మందు కొట్టారు అన్నదాన్ని బట్టి ప్రమాదం కావచ్చు.

నర్సరీ కుండీల్లో చాలాసార్లు మెల్లగా కరిగే ఎరువు గుళికలు, తెల్లటి పర్లైట్ ముక్కలు ఉంటాయి. పర్లైట్ బాగా తేలిక. నీళ్లు పోసేకొద్దీ పైకి తేలుతుంది. పురుగు మీదికి దూకిన గెకో నోట్లోకి అది కూడా పోతుంది. అందుకే కొత్త మొక్క రాగానే మట్టంతా దులిపి, వేళ్లు పారే నీళ్ల కింద కడిగి, ఆకులు రెండు వైపులా తుడిచి, ఎరువు కలపని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) కనీసం నెల రోజులు విడిగా పెడతాను. అయితే ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వేళ్ల నుంచి మొక్క లోపలికే ఎక్కుతాయి, ఎంత కడిగినా పోవు. కాబట్టి మందు వాడకుండా పెంచిన మొక్కల కొమ్మలు, పిలకలు దొరికితే నేను ఇంకేమీ ఆలోచించను.

ఇక లోపలి మట్టి. అడుగున మట్టి గుళికల పొర, దాని మీద సన్నటి వల, ఆ పైన సుమారు పది సెంటీమీటర్ల మిశ్రమం: కోకోపీట్, ఆర్కిడ్ బెరడు ముక్కలు, స్ఫాగ్నమ్ నాచు, కాస్త బొగ్గు. కోకోపీట్ ఒక్కటే వేస్తే ఎండినప్పుడు దుమ్ము లేస్తుంది, తడిసినప్పుడు ముద్దకట్టి వేళ్లకు గాలి అందదు. బెరడు, బొగ్గు కలిశాకే అది నిలబడింది. కొన్ని కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఎక్కువగా ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి కడగడం అవసరం. దేవదారు పొట్టు అస్సలు వద్దు, దాని ఘాటు నూనెలు సరీసృపాల ఊపిరితిత్తులకు చెడుపు.

మట్టి పైన ఎండుటాకులు పరిచి స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్లు అనే మట్టిలో బతికే చిన్న జీవుల్ని వదిలాను. బూజును, గెకో రెట్టను ఇవే తినేస్తాయి. ఈ చిన్న జీవులు నాకు ఎంత పని తప్పించాయో చెప్పలేను! ఇన్నాళ్లలో మట్టి మొత్తం మార్చాల్సిన అవసరం రాలేదు, ఎండుటాకులు మాత్రం వేస్తూ ఉండాలి. అవి తగ్గితే ఐసోపాడ్లు లేత ఫెర్న్ ఆకుల మీద పడతాయి.

మొక్కల్లో నా మొదటి ఓటు మనీప్లాంట్‌కే. తక్కువ వెలుతురులోనూ పెరుగుతుంది, గెకో దూకినా తట్టుకుంటుంది, నీళ్లు చల్లాక ఆకుల మీద నిలిచే చుక్కల్ని గెకో నాకి తాగుతుంది. ఈ మొక్కలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండుతుంది. క్రెస్టెడ్ గెకో ఆకులు తినదు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. ఇగ్వానా, బియర్డెడ్ డ్రాగన్, తాబేలు లాంటి ఆకులు తినేవాటి దగ్గర మాత్రం నేనైతే పెట్టను. వాటికి మందార, స్పైడర్ ప్లాంట్ మేలు. స్నేక్ ప్లాంట్ ఆకులు గట్టివి, వాటి మధ్య నిలువుగా అతుక్కుని పగలంతా నిద్రపోవడం మా గెకోకి ఇష్టం. బోస్టన్ ఫెర్న్ చూడటానికి బాగుంటుంది కానీ తేమ కాస్త తగ్గినా అంచులు ఎండిపోతాయి. గన్నేరు, డైఫెన్‌బాకియా, పాలుగారే జెముడు జాతులు ఏ జంతువు దగ్గరా వద్దు.

మొక్కలకు 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెల్లటి కాంతి) ఎల్‌ఈడీ వాడుతున్నాను. క్రెస్టెడ్ గెకోకి 28 డిగ్రీలు దాటిన వేడి పడదు, అందుకే వేడెక్కే బల్బుల జోలికి పోలేదు.

నన్ను విసిగించింది ఒక్కటే, కొత్త మట్టితో వచ్చే సన్నటి దోమల్లాంటి ఈగలు. నీళ్లు చల్లడం తగ్గించి పైపొరను కాస్త ఆరనిస్తే క్రమంగా తగ్గాయి.

లెపర్డ్ గెకో పెంచేవాళ్లు ఈ తడి మిశ్రమాన్ని ఉన్నదున్నట్టు వాడకండి. అది పొడి నేలల జీవి. దానికి గట్టిగా అణిగే పొడి మట్టి, హావర్థియా (దళసరి ఆకుల చిన్న మొక్క), స్నేక్ ప్లాంట్ సరిపోతాయి, తేమ ఒక్క దాగుడు గుహలో ఉంటే చాలు.