హేజీ బీరుకి ఏ హాప్స్ మేలు?

సియాటెల్‌లో ఉండి హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పూలు) సంగతి పట్టించుకోకపోవడమంటే గుంటూరులో ఉండి మిరపకాయ ఊసెత్తకపోవడమే. అమెరికా హాప్స్‌లో సింహభాగం పండేది మా వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలోనే. మొన్న శనివారం నేనూ మా బావమరిదీ మూడు హేజీ ఐపీఏ (హాప్స్ దండిగా వేసిన మసక బీరు) క్యాన్లు ముందేసుకుని కూర్చున్నాం. ఒక్కోదాంట్లో ఒక్క రకం హాప్సే: అమెరికా సిట్రా, న్యూజీలాండ్ నెల్సన్ సావిన్, ఆస్ట్రేలియా గేలక్సీ.

మొదటి గ్లాసు వెలుతురుకెత్తి చూసి, “పాడైందేమో బావా, బత్తాయి రసంలా ఉంది” అన్నాడు వాడు. పాడవలేదు. ఓట్స్, గోధుమల్లోని ప్రోటీన్లు హాప్స్‌లోని పాలిఫినాల్స్ అనే వగరు పదార్థాలని పట్టుకుని అలా మసకగా తేలుతుంటాయి. హాప్స్ ఎంతసేపు మరిగితే అంత చేదు. అందుకే ఇందులో చాలామటుకు మంట ఆపాక, పులిసే తొట్టిలోనే వేస్తారు. చేదు తగ్గి వాసన నిలుస్తుంది.

సిట్రాకి వంక పెట్టలేం. బత్తాయి తొక్క గోటితో గిల్లినట్టు మొదట గుప్పుమంటుంది, వెనకాల మాగిన మామిడి. ఇక్కడ ఏ కొట్టుకెళ్లినా దొరుకుతుంది. రెండో గ్లాసుకి మాత్రం కొత్తదనం ఉండదు.

గేలక్సీ ముక్కుకి బ్రహ్మాండం, పాషన్ ఫ్రూట్ కోసినట్టే. గొంతు దిగాక అసలు సంగతి: గరగరమని మంట. క్యాన్ అడుగు మడ్డి కూడా ఒంపేయడం నా తప్పే అనుకోండి. అయినా దీన్ని ఒంటరిగా కాక సిట్రాతో కలిపి వేస్తేనే బాగుంటుందని నా లెక్క.

నెల్సన్ దగ్గరే ఆగిపోయాను. 2000లో బయటికొచ్చిన ఈ రకానికి తెల్ల వైన్ చేసే సావిన్యోన్ బ్లాంక్ ద్రాక్ష మీదుగానే పేరు పెట్టారు. తాగితే తెల్ల వైనే గుర్తొస్తుంది. గూస్‌బెర్రీ వాసన అని రాస్తారు గానీ అది మన ఉసిరి కాదు, వగరు కోసం వెతక్కండి. ఇంకా మాగని పచ్చ ద్రాక్ష తొక్క నమిలినట్టుంటుంది. చేదెక్కువ బీరు మిరియాల కోడి వేపుడు ఘాటుని రెట్టింపు చేస్తుంది, ఇది మాత్రం నాలుక కడిగి ఇంకో ముక్క అడిగింది.

నెల్సన్ ధర ఎక్కువే. అయినా ఎండాకాలంలో కొనేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. న్యూజీలాండ్‌లో హాప్స్ కోత మార్చి ప్రాంతంలో, ఇక్కడ ఆగస్టు, సెప్టెంబర్లలో. జూన్, జూలైలలో సముద్రాలు దాటొచ్చిన నెల్సనే పక్కూరి సిట్రా కంటే కొత్త పంట కావచ్చు. క్యాన్ అడుగున తేదీ చూసి రెండు నెలలు దాటనిదే తీసుకోండి.