శాన్ రెమోనా, స్త్రాదే బియాంకేనా?

మార్చి వచ్చిందంటే పర్లాకిమిడిలో మా ఇంట్లో ఇదే తగువు: ఇటలీలో జరిగే ఈ రెండు సైకిల్ రేసుల్లో ఏది గొప్పదని. బావకి మిలాన్–శాన్ రెమో, నాకు స్త్రాదే బియాంకే.

శాన్ రెమో 1907 నాటిది, దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైతే రాత్రి దాకా సాగుతుంది, చాలాసేపు ఏమీ జరగదు. అసలు కథంతా చివర్లో, 3.7 కిలోమీటర్ల పోజ్జో కొండ మీద, ఆ తర్వాత దిగుడులో. ఆ కొద్ది నిమిషాల టెన్షన్ కోసమే బావ కూర్చుంటాడు. 2025లో స్లొవేనియా సైక్లిస్టు పొగాచార్ ఎంత లాగినా నెదర్లాండ్స్ సైక్లిస్టు వాన్ డెర్ పూల్ వదల్లేదు, ఆఖరి స్ప్రింట్‌లో కొట్టేశాడు. ఆ రాత్రి నేనూ లేచి నిలబడ్డాను.

స్త్రాదే 2007లో పుట్టింది. కానీ ఆ తెల్లటి గులకమట్టి బాటలు, ఆ దుమ్ము! మహేంద్రగిరి వైపు మట్టిరోడ్ల మీద సైకిల్ తొక్కినవాళ్లకి వెనక చక్రం జారడమంటే ఏమిటో తెలుసు. 2025లో పొగాచార్ మలుపులో జారి పడ్డాడు. చిరిగిన జెర్సీతో, గీరుకుపోయిన చేతితో లేచి, రేసు ముగిసే సియెనా నగరంలో గెలిచాడు. అంతకుముందు ఏడాది అయితే చివరి 81 కిలోమీటర్లు అందరికంటే ముందు ఒంటరిగానే తొక్కి గెలిచాడు!

స్త్రాదేలో ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతోందని బావ కంప్లయింట్. నిజమే. అయినా ఒక్కటే చూడమంటే స్త్రాదేనే చూస్తాను, సియెనాలో ఆ ఇరుకు వీధి ఎక్కుడు కోసం.