ముదురు మాంసానికి పోత ఇనుప గిన్నె: నాకు నచ్చినది దాని మూత

ఎనామెల్ పూత వేసిన ఈ అయిదు లీటర్ల పోత ఇనుప గిన్నె మా ఇంటికి వచ్చి కొన్ని చలికాలాలు గడిచాయి. రంగులు, కొలతలు, ధరలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోకుండా దాని మూత గురించే రాస్తున్నాను.

మేముండే ఒడిశాలోని కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మామూలు గిన్నెలో ముదురు మేకమాంసం, అందులోనూ పిక్క, మెడ ముక్కలు, ఒక పట్టాన ఉడకవని మా వీధిలో అందరూ ప్రెషర్ కుక్కరునే నమ్ముకుంటారు. కుక్కరులో వేడి 120 డిగ్రీల వరకు పోతుంది గనుక పని త్వరగానే తెములుతుంది గాని, ఒక్క విజిల్ ఎక్కువైతే ముక్క పీచుపీచుగా విడిపోతుంది. పిక్కలోని బిరుసుదనమంతా కొల్లాజెన్ అనే మాంసకృత్తుది; అది 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిగురవుతుంది కాబట్టి, దానికి సన్నని సెగను గంటల తరబడి నిలిపి ఉంచే పాత్ర కావాలి. ఈ మూత బరువుగా అంచుకు అతుక్కుని కూర్చుంటుంది. లోపలివైపు ఉన్న చిన్న బొడిపెల వద్ద ఆవిరి బొట్లుగా మారి తిరిగి ముక్కల మీదనే రాలుతుంది.

దీని సత్తా నాకు బోధపడినది గ్యాసు అయిపోయిన రాత్రి. సాలూరు నుంచి మా అక్కా బావగారూ సుంకి ఘాట్ ఎక్కి వస్తున్నారని ఖాసీ (విత్తులు కొట్టిన మేకపోతు) మాంసం తెప్పించి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి పొయ్యి మీద పెట్టిన గంటన్నరకు మంట ఆరిపోయింది. ముక్క ఇంకా ఎముకను గట్టిగా పట్టుకునే ఉన్నది. సిలిండర్ మరునాటికి గాని రాదన్నారు. ఇక మూత తీయకుండా గిన్నెను గోనెసంచి మీదకు దించి, పాత రగ్గు చుట్టి వదిలేశాము. ఘాట్‌లో పొగమంచు వల్ల బస్సు ఆలస్యమై వాళ్ళు చేరేసరికి గిన్నె దించి రెండు గంటల పైనే అయింది. రగ్గు విప్పితే మూత ఇంకా చేతికి చుర్రుమన్నది. గరిటె తగిలించగానే పిక్క ఎముక నుంచి కండ జారి పడింది. మూలుగ ఎముకను కంచం అంచున కొట్టి జుర్రుకుంటూ మా బావగారు, "మరదలా, ఇది కుక్కరు కూర కాదే, ఎందులో వండావు?" అన్నారు.

అయితే ఇంతగా పొగిడిన మూత ఇప్పుడు మొదట్లో ఉన్నట్టు లేదు. కిందటి వానాకాలంలో అంచున గోరంత పెచ్చు లేచి తుప్పు పట్టింది. అంచుకు హామీ వర్తించదని తయారీదారు జవాబిచ్చి చేతులు దులుపుకున్నారు. అక్కడి నుంచి ఆవిరి పోతున్నది గనుక దమ్ బిర్యానీకి చేసినట్టు గోధుమపిండి ముద్ద అంటిస్తున్నాను. కాని అలా మూసేస్తే నడుమ ఉప్పు చూసుకునే వీలుండదు. మూత గట్టిగా ఉన్న రోజుల్లోనూ పులుసు పలచగానే ఉండేది. చివరి పావుగంట మూత తీసి ఇగరబెట్టక తప్పేది కాదు. ఎంత సన్నని మంటైనా నడిమి భాగం అడుగంటుతుంది కనుక కింద పాత పెనం పెట్టుకోవాలి. కుక్కరుకన్నా గ్యాసు ఎక్కువే పడుతుంది. ఇక మా అత్తగారైతే దీన్ని ఒంటరిగా దించలేరు.

మాది చలి ఊరు, ఆదివారం మధ్యాహ్నం నుంచే పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండే ఇల్లు కనుక నాకిది సరిపోయింది. సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చి వండుకునేవారికి కుక్కరే మేలు కావచ్చు. బరంపురం వంటి చోట వేసవిలో మూడు గంటలు పొయ్యి వెలిగించుకోమని నేనెవరికీ చెప్పను. కొనదలచినవారు దుకాణంలోనే మూత అంచును చుట్టూ వేలితో తడిమి, ఎక్కడా పెచ్చు లేదని తేలాకే డబ్బు చెల్లించండి.