బ్యాంకాక్‌లో బస ఎక్కడ? ముందు రేవు చూసుకోండి

బ్యాంకాక్‌కి మొదటిసారి, అదీ వీపున ఒక్క బ్యాగుతో వెళ్తున్నారా? అయితే హాస్టల్ ధర కంటే ముందు మ్యాపులో పడవల రేవు ఎక్కడుందో, మెట్రో స్టేషన్ ఎంత దూరమో చూడండి. ఆ ఊరి ట్రాఫిక్‌లో సాయంత్రం పూట ట్యాక్సీ ఎక్కితే మీటరు పెరుగుతుంది, మన ఓపిక కరిగిపోతుంది. నీళ్ల మీద, పట్టాల మీద తిరిగిన వాళ్లకే ఆ నగరం చేతికి అందుతుంది.

నేను మొదట దిగింది అందరూ దిగే ఖావ్ సాన్ రోడ్డు పక్క సందులో. మంచం చవక, పరదా ఉంది, లాకర్ ఉంది (తాళం మనదే తీసుకెళ్లాలి). కానీ కింద బార్లలో పాటలు అర్ధరాత్రి దాటినా ఆగవు. పగలు గదిలో ఏసీ ఆపేస్తారు. తెల్లవారుజామున విమానం దిగి వచ్చిన మనిషికి అది నిజంగా నరకం. పైగా దగ్గర్లో రైలు స్టేషనే లేదు. ఖావ్ సాన్‌కి ఉన్న ఒకే గొప్ప సౌకర్యం ఫ్రా ఆథిత్ రేవు, నడిచి వెళ్లేంత దూరం.

తర్వాత హువా లంపోంగ్ మెట్రో దగ్గరికి మారాను. మంచానికి కాస్త ఎక్కువే అయింది, అయినా అక్కడి నుంచి చైనా టౌన్ యావరాత్‌కి నడిచిపోవచ్చు, వాట్ ట్రైమిత్ (వాట్ అంటే గుడి) బంగారు బుద్ధుడు పక్కనే. ఆ విగ్రహం శతాబ్దాలుగా సున్నపు పూత కింద దాగి ఉంది. 1955లో తరలిస్తుంటే పూత పగిలి లోపలి బంగారం బయటపడింది. బరువు ఐదున్నర టన్నులు. ఇక మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ సనామ్ చాయ్, బయటికి రాగానే వాట్ ఫో. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ చుట్టుపక్కలే గది చూసుకోవాలి. ఖావ్ సాన్‌ని ఒక సాయంత్రం చూసి వచ్చేస్తే చాలు.

చావో ఫ్రాయా నదిలో నారింజ జెండా పడవ టికెట్టు 16 బాట్‌లు, ఎంత దూరమైనా అంతే. రేవులో కొందరు మనల్ని చూడగానే టూరిస్టు పడవ వైపు పంపుతారు. అది ఖరీదు ఎక్కువ. జెండా రంగు చూసి ఎక్కండి. సాథోర్న్ రేవులో దిగితే పైనే స్కైట్రెయిన్. నదికంటే నాకు బాగా నచ్చింది సేన్ సేప్ కాలువ. పాత ఊళ్లో ఫాన్ ఫా రేవు నుంచి ప్రతునామ్ దాకా పావుగంటలో తీసుకెళ్తుంది. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్లు పడవ అంచు మీద నడుస్తూనే డబ్బులు వసూలు చేస్తారు. నీళ్లు చిమ్మినప్పుడు అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి టార్పాలిన్ పైకెత్తాలి. కాలువ వాసన ఘాటుగానే ఉంటుంది, కానీ ఆఫీసులకు వెళ్లే వాళ్లు, బడిపిల్లలు, కూరగాయల సంచులు అన్నీ మన పక్కనే. ఊరిని ఊరివాళ్లతో కలిసి చూడటమంటే ఇదే.

గ్రాండ్ ప్యాలెస్ టికెట్టు 500 బాట్‌లు. బడ్జెట్ ప్రయాణికుడికి పెద్ద మొత్తమే. బంగారు గోపురాలు, మరకత బుద్ధుడు, భుజాలు తగిలేంత జనం, ఇవన్నీ అరగంటలో చూసేయొచ్చు. కానీ మనం రామాయణం వింటూ పెరిగినవాళ్లం. ప్యాలెస్ ఆవరణలోని మరకత బుద్ధుడి గుడి వాట్ ఫ్రా కేవ్ చుట్టూ ఉన్న మండపం గోడల మీద 178 చిత్రాల్లో రామకియన్, అంటే వాళ్ల రామాయణం, మొత్తం ఉంది. మైరావణుడి ఘట్టం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. మన కథలో హనుమంతుడు తోకతో కోట కట్టి రామలక్ష్మణులకు కాపలా కాస్తాడు. అక్కడ తెల్లటి హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లోనే దాచుకుంటాడు. ఆ హనుమంతుడికి చేప తోక ఉన్న కొడుకూ ఉన్నాడు, మన మత్స్యవల్లభుడే. సీత రావణుడి కూతురన్నది వాళ్ల కథ. ఇవన్నీ తెలిసినవాళ్లకు ఆ 500 బాట్‌లు ఎంతమాత్రం దండగ కాదు. ఉదయం ఎనిమిదిన్నరకే తలుపు దగ్గరుంటే గోడల దగ్గర ప్రశాంతంగా తిరగొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. దారిలో ఎవరైనా ‘ఇవాళ ప్యాలెస్ మూసేశారు’ అని టుక్‌టుక్ ఎక్కించబోతే ఆగకండి, ఆ బండి వెళ్లేది రత్నాల దుకాణానికి.

వాట్ ఫో పడుకున్న బుద్ధుడు 46 మీటర్లు, టికెట్టు 300. ఆయన అరికాళ్లలో ముత్యపు చిప్పతో పొదిగిన 108 గుర్తుల దగ్గర జనం ఆగకుండా ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, మీరు ఆగండి. గుడిలోనే మసాజ్ ఉంది. బయటి దుకాణాల కంటే ఖరీదే, అయినా రోజంతా నడిచిన కాళ్లకు అక్కడి చేతి నైపుణ్యం వేరు. నదికి అవతలున్న వాట్ అరుణ్ లోపలికి వెళ్లాలని లేకపోతే ఇవతలి గట్టు నుంచి చూసినా సరిపోతుంది.

ఎరవాన్ బ్రహ్మ గుడి, సీలోమ్‌లో తమిళులు కట్టిన మారియమ్మన్ కోవెల దారిలో పడితే చూడండి. మాల్స్ గురించి రాయను.

డబ్బు మాట: మన కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు రెండు వందల బాట్‌లకు పైనే కోస్తుంది. డాలర్లు పట్టుకెళ్లి, సువర్ణభూమి విమానాశ్రయం అడుగు అంతస్తులో ఎయిర్‌పోర్ట్ రైలు పక్కనున్న కౌంటర్లలో మార్చుకోండి, పైన హాల్లో వద్దు. ఆ రైలు నగరంలోని ఫాయా థాయ్ స్టేషన్ దాకా 45 బాట్‌లు. డిజిటల్ అరైవల్ కార్డు అక్కడ దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు.

శాకాహారులకు తిండే అసలు పరీక్ష. కూరగాయలే అన్నా అందులో చేపల సాస్ పడుతుంది, పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తామ్‌లో ఎండు రొయ్యలు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండ్లు వెతకండి, లేదా ‘కిన్ జే’ (శాకాహారమే తింటాను) అనండి. మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. యావరాత్ సందుల్లో ఇలాంటివి బాగా దొరుకుతాయి. కారం కావాలంటే గట్టిగా అడగాలి, విదేశీయుడని చూసి తగ్గించేస్తారు. నేను వేలితో మిరపకాయల గిన్నె చూపించాక గానీ సోమ్ తామ్ దంచే అమ్మ రోట్లో నాలుగు ఎక్కువ వెయ్యలేదు.